మెరుగు – తరుగు: చలువరాతి నేలల పునరుద్ధరణ చరిత్ర – ఒక పరిశీలన

పీఠిక

తెలుగునాట నగల దుకాణంలో ఇచ్చే చీటీలో తరుగు, మజూరీ అనే రెండు పద్దులు విడిగా కనిపిస్తాయి. నగ తయారయ్యే క్రమంలో, దానికి మెరుగు పెట్టే క్రమంలో పొడిగా రాలి కోల్పోయే బంగారం తరుగు. పనివాడి కూలి మజూరీ. మెరుగు ఊరికే రాదనీ, వస్తువులో కొంత పోతేనే మెరుపు వస్తుందనీ స్వర్ణకార వృత్తి తన లెక్కలోనే ఒప్పుకున్నది. అరిగిన చలువరాతి నేలకు మళ్ళీ మెరుగు పట్టే వృత్తిలో కూడా తరుగు ఉన్నది. అయితే అక్కడ దానికి పద్దు లేదు. రాలిన రాతిపొడి నీటితో కలిసి పాలవంటి బురదగా మారి తూములోకి పోతుంది. మిగిలిన మెరుపు మాత్రమే యజమాని కంటికి కనిపిస్తుంది.

చలువరాతి నేలల పునరుద్ధరణ చరిత్రను ఈ తరుగు దృష్టితో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. ఇందుకు ఆధారాలు మూడు: రాతికీ పనికీ భాషలు పెట్టుకున్న పేర్లు, రాతిని అరగదీసే పదార్థాల చరిత్ర, నేలల పునరుద్ధరణపై ఐరోపాలో సాగిన వివాదం. వీటిలో రెండవదానికి తెలుగు భాషతో ప్రత్యక్ష సంబంధం ఉండటం విశేషం.

1. పేర్లు చెప్పే చరిత్ర

ఒకే రాతికి వివిధ భాషలు పెట్టిన పేర్లు ఆ రాతిలో ఆయా సమాజాలు దేనికి విలువ ఇచ్చాయో తెలుపుతాయి. ఆంగ్లంలోని 'మార్బుల్' అనే మాటకు మూలం గ్రీకు 'మార్మరోస్'. తొలుత బండరాయి అనే అర్థంలో వాడిన ఈ మాట, 'మెరియు' అనే అర్థం గల 'మార్మైరో' క్రియతో ముడిపడి, మెరిసే రాయి అనే అర్థంలో స్థిరపడింది. తెలుగులో రెండు పేర్లున్నాయి. పాలరాయి రంగును బట్టి వచ్చిన పేరు. చలువరాయి స్పర్శను బట్టి వచ్చిన పేరు. మొదటి పేరు కంటికి సంబంధించినది, రెండవది అరికాలికి సంబంధించినది. ఎండ మండే నేలపై చెప్పులు విడిచి ఇంట్లోకి, గుడిలోకి అడుగుపెట్టే సమాజం ఈ రాతిలో మొదట గుర్తించిన గుణం చల్లదనమని ఈ పేరు సూచిస్తున్నది.

శాస్త్రార్థానికీ వ్యాపారార్థానికీ గల భేదం కూడా ఇక్కడ గమనించదగినది. భూగర్భశాస్త్రం దృష్టిలో చలువరాయి అంటే వేడిమికీ ఒత్తిడికీ లోనై రూపాంతరం చెందిన సున్నపురాయి. రాళ్ళ వ్యాపారంలో మాత్రం మెరుగు పట్టడానికి అనువైన సున్నపురాళ్ళన్నీ మార్బులే. అమరావతి శిల్పాలు ఇందుకు మంచి ఉదాహరణ. 1845లో వాల్టర్ ఇలియట్ తవ్వించి తీసిన శిల్పాలు తరువాత లండన్ చేరి 'ఇలియట్ మార్బుల్స్' అనే పేరుతో ప్రసిద్ధికెక్కాయి. అవి చెక్కినది చలువరాతిలో కాదు, పల్నాటి సున్నపురాతిలో. గ్రీకు, రోమన్ శిల్పాలకు అలవాటైన పేరును ఆంధ్రదేశపు రాతికి అంటగట్టడం ఒక గౌరవ వాచకమే గాని ఖనిజ వివరణ కాదు. తెలుగు ఇళ్ళలో పరిచే కడప బండలు, బేతంచర్ల బండలు, తాండూరు బండలు కూడా సున్నపురాతి వర్గానివే. మెరుగు పడతాయి గనుక ఇవి కూడా చలువరాతి నేలల చరిత్రకు సమీపబంధువులు.

పనిని తెలిపే మాటలు ఇంకా స్పష్టమైన సాక్ష్యం ఇస్తాయి. తెలుగులో 'అరుగు' ధాతువుకు క్షీణించు, జీర్ణమగు అనే రెండర్థాలున్నాయి: చెప్పులు అరుగుతాయి, తిన్నది అరుగుతుంది. సంస్కృతంలోని 'జీర్ణ' శబ్దానికి కూడా సరిగ్గా ఈ రెండర్థాలే ఉన్నాయి. అందుచేత జీర్ణోద్ధరణ అంటే అరిగినదానిని పైకెత్తి నిలబెట్టడం. ఈ మాటలో కొత్తగా చేయడం అనే అర్థం లేదు. దీనికి భిన్నంగా 'మెరుగు' మొదట మెరుపు. క్రమంగా 'మేలైనది' అనే అర్థం పొంది, మెరుగుపరచు, మెరుగుదల వంటి మాటలకు ఆధారమైంది. మెరిసేదంతా మేలైనదే అనే భావన భాషలోనే పాతుకున్నది. జీర్ణోద్ధరణ చేయవలసిన చోట మెరుగు పెట్టి ఊరుకోవడానికి ఈ భావన ఒక కారణం.

కావ్యపరంపర ఈ భావనకు రెండు వైపుల నుండి హెచ్చరిక చేసింది. భర్తృహరి నీతిశతకంలో సానపట్టిన మణి క్షీణించడం వల్లనే శోభిస్తుందని చెప్పిన శ్లోకం ప్రసిద్ధం. ఏనుగు లక్ష్మణకవి మొదలైనవారి అనువాదాల ద్వారా అది తెలుగువారికి సుపరిచితం. మెరుగుకు మూలం తరుగేనన్న ఎరుక అందులో ఉన్నది. నన్నయ తెనిగించిన సభాపర్వంలోని మయసభ రెండవ హెచ్చరిక. అద్దంలా మెరిసే నేలను నీరనుకొని, నీటిని నేలనుకొని దుర్యోధనుడు భంగపడతాడు. నేల తన స్వరూపాన్ని దాచిపెట్టేంతగా మెరవడం నడిచేవాడికి ప్రమాదమని ఆ కథ చెప్పకయే చెబుతున్నది.

2. కురువిందం ప్రయాణం

చలువరాయి ప్రధానంగా కాల్షియం కార్బొనేట్. 1812లో ఫ్రెడరిక్ మోస్ రూపొందించిన కాఠిన్య క్రమంలో కాల్సైట్ స్థానం 3, ఇసుకలోని క్వార్ట్జ్‌ది 7, కురువిందానిది 9, వజ్రానిది 10. ఈ నాలుగు అంకెలలో నేల అరుగుదల, పునరుద్ధరణ రెండూ ఇమిడి ఉన్నాయి. చెప్పుల కింద చేరిన ఇసుక రేణువు చలువరాతిని గీస్తుంది. ఆ గీతలు పోవాలంటే అంతకన్న గట్టి పదార్థంతో చుట్టూ ఉన్న రాతినంతా ఆ గీత లోతు వరకు దించాలి. గీతను చెరపడమంటే గీత పడని భాగాన్ని కూడా తీసివేయడమే.

ప్రాచీన రోమన్లకు ఈ విద్య బాగా తెలుసు. విట్రూవియస్ తన వాస్తుగ్రంథం ఏడవ భాగంలో, పరిచిన పలకల అంచులు పైకి లేవకుండా రుద్ది చదును చేయాలని నియమం చెప్పాడు. క్రీ.శ. ఒకటవ శతాబ్దికి చెందిన ప్లినీ చలువరాతిని కోయడానికి వాడే ఇసుకలను పేర్కొంటూ ఇథియోపియా ఇసుకతో పాటు భారతదేశపు ఇసుకను కూడా ప్రస్తావించాడు. మెరుగు పట్టడానికి నాక్సోస్ ద్వీపపు రాయి చాలాకాలం శ్రేష్ఠమైనదిగా ఉండేదని తెలిపాడు. ఆ నాక్సోస్ రాయే ఎమరీ. కురువిందంతో ఇనుప ఖనిజాలు కలిసిన రాయి.

కురువింద శబ్ద చరిత్ర భాషా పరిశోధకులకు ఆసక్తికరమైనది. అమరకోశంలో ఇది తుంగముస్తెకు పర్యాయపదం. రత్నశాస్త్రంలో కెంపులలో ఒక జాతి. దక్షిణ భారతంలో రత్నాలను సానపట్టే గట్టి రాయికి తెలుగులో కురువిందం, తమిళంలో కురుందం అని వాడుక. ఈ రాతిపొడిని లక్కతో కలిపి చక్రంగా చేసుకొని రత్నకారులు సానగా వాడేవారు. ఖమ్మం, అనంతపురం ప్రాంతాలలో ఈ ఖనిజం లభిస్తుంది.

ఈ మాట ఐరోపాకు చేరిన తీరులో తెలుగు ముద్ర స్పష్టంగా కనిపిస్తుంది. 1728లో మరణించిన ఆంగ్ల ప్రకృతి శాస్త్రజ్ఞుడు జాన్ వుడ్‌వర్డ్ విదేశీ ఖనిజాల పట్టికలో 'నెల్ల కొరివిందం', 'తెల్ల కొరివిందం' అనే పేర్లు నమోదయ్యాయి. రెండవ దానిలోని 'తెల్ల' నిస్సందేహంగా తెలుగు విశేషణం. మొదటి దానిని వరి పండే పొలాలలో దొరికేదిగా వర్ణించడం వల్ల 'నెల్ల' మాటకు ధాన్యవాచకమైన 'నెల్' మూలం కావచ్చు. 'తెల్ల'కు జంటగా ఉన్నది గనుక 'నల్ల' శబ్దాన్ని విదేశీయుడు విన్న తీరు కూడా కావచ్చు. రెండవ ఊహ సమంజసమైతే, రంగును బట్టి రెండు రకాలుగా వేరుచేసే పనివారి వర్గీకరణ ఆ పేర్ల రూపంలో లండన్ చేరిందని భావించవచ్చు. 1798లో చార్లెస్ గ్రెవిల్ ఆసియా నుండి వచ్చిన ఈ రాయిపై రాయల్ సొసైటీ పత్రికలో వ్యాసం ప్రకటించాడు. దక్షిణ భారతపు పనివారి మాట ఆ విధంగా 'కొరండం' అనే ఖనిజ నామంగా విజ్ఞానశాస్త్రంలో స్థిరపడింది.

కథ అక్కడితో ఆగలేదు. 1891లో అమెరికాలో ఎడ్వర్డ్ అచెసన్ కొలిమిలో కృత్రిమంగా ఒక గట్టి పదార్థాన్ని తయారు చేశాడు. అది కార్బన్, కొరండం మూలపదార్థాల కలయిక అని పొరబడి 'కార్బొరండం' అని పేరు పెట్టాడు. నిజానికి అది సిలికాన్ కార్బైడ్. దానిలో కురువిందం లేశమైనా లేదు. పదార్థం మారినా పేరులో కురువిందం నిలిచింది. 1954లో మద్రాసులో కార్బొరండం యూనివర్సల్ సంస్థ ఏర్పడింది. దక్షిణ దేశం నుండి బయలుదేరిన కురువిందం రెండు శతాబ్దాల తరువాత కార్బొరండమై తిరిగి వచ్చింది. నేడు నేలకు మెరుగు పట్టే మేస్త్రీ 'కార్బొరండం రాయి' అన్నప్పుడు తన పూర్వుల మాటనే పరాయి ఉచ్చారణలో పలుకుతున్నాడు. పారిభాషిక పదాల చరిత్రను రాసేటప్పుడు ఇంగ్లీషు నుండి వచ్చిన మాటలుగా పక్కన పెట్టే వాటిని మరొకసారి చూడవలసి ఉన్నదని ఇది తెలుపుతున్నది.

3. వెనిస్ వివాదం

తరుగుకు లెక్క చెప్పవలసిన అవసరాన్ని బహిరంగంగా చర్చకు తెచ్చిన ఘట్టం పందొమ్మిదవ శతాబ్దపు వెనిస్‌లో కనిపిస్తుంది. అక్కడి సెయింట్ మార్క్స్ దేవాలయ నిర్మాణం 1063లో ఆరంభమైంది. అందులోని నేల రెండు వేల చదరపు మీటర్లకు పైబడినది. పన్నెండవ శతాబ్ది నాటి పనిగా ప్రసిద్ధి పొందిన ఈ నేలలో రంగురంగుల చలువరాతి ముక్కలు జ్యామితీయ ఆకృతులుగా, పశుపక్ష్యాదుల బొమ్మలుగా కూర్చి ఉన్నాయి. కింది భూమి కుంగడం వల్ల అది సమతలంగా ఉండదు. అలలవలె ఎగుడుదిగుడుగా కనిపిస్తుంది.

పందొమ్మిదవ శతాబ్దిలో మెదూనా అనే వాస్తుశిల్పి ఆధ్వర్యంలో జరిగిన పునరుద్ధరణలో ఉత్తరపు నడవలోని పాత నేలను తీసి, కొత్త రాతితో చదునుగా పరిచారు. వృత్తి నైపుణ్యం దృష్టిలో అది లోపం లేని పని. గోతులు పోయాయి, అంచులు కలిశాయి, మెరుగు వచ్చింది. కాని 1877లో ఆల్వీజే జోర్జీ అనే వెనిస్ యువకుడు, జాన్ రస్కిన్ ముందుమాటతో ప్రకటించిన గ్రంథంలో ఈ పునరుద్ధరణను తీవ్రంగా విమర్శించాడు. రాతిపై కాలం తెచ్చిన ఛాయను గీకి తీసివేయడం, ప్రాచీన భాగాలను కొత్త వాటితో మార్చడం పునరుద్ధరణ కాదని అతని వాదం. అదే సంవత్సరం ఇంగ్లండులో విలియం మోరిస్ ప్రాచీన కట్టడాల రక్షణ సంఘాన్ని స్థాపించాడు. దానికి స్థిరపడిన ముద్దుపేరు 'యాంటీ స్క్రేప్', అంటే గీకుడు వ్యతిరేకుల సంఘం. సంరక్షణ ఉద్యమానికి తొలి శత్రువు శిథిలత కాదు, గీకుడు అన్న సంగతి గమనార్హం.

ఈ వాదానికి ఎదురు వాదం లేకపోలేదు. దేవాలయం జనం నడిచే చోటు. పైకి లేచిన అంచు తగిలి మనిషి పడిపోతే చారిత్రక ఛాయ ఆ గాయాన్ని మాన్పలేదు. సియెనా ప్రధాన దేవాలయం ఈ చిక్కుకు వేరొక మార్గం చూపింది. పద్నాలుగు, పదహారు శతాబ్దాల మధ్య చలువరాతిపై చిత్రించిన అక్కడి నేలలో అధికభాగాన్ని సంవత్సరంలో ఎక్కువకాలం కప్పి ఉంచుతారు. మిగిలిన కాలంలో మాత్రమే తెరిచి చూపుతారు. అంతకుముందే బాగా అరిగిన కొన్ని భాగాలకు పందొమ్మిదవ శతాబ్దిలో నకళ్ళు అమర్చారు. వెనిస్ ఉత్తరపు నడవలో నేలను మార్చారు, సియెనాలో నడకను తగ్గించారు. రెండింటికీ మూల్యం ఉన్నది. మొదటి చోట పోయినది రాయి, రెండవ చోట పోయినది నిత్యదర్శనం.

1964 నాటి వెనిస్ శాసనపత్రం ఈ చర్చకు సూత్రరూపం ఇచ్చింది. ఊహ మొదలయ్యే చోట పునరుద్ధరణ ఆగాలనీ, చేసిన ప్రతి పనికీ లిఖిత, చిత్ర నివేదికలు ఉండాలనీ అది నిర్దేశించింది. రెండవ నియమమే తరుగుకు తెరిచిన పద్దు. 2019 నవంబరు 12న 187 సెంటీమీటర్ల ఎత్తుకు వచ్చిన ఉప్పునీటి పోటు సెయింట్ మార్క్స్ నేలను ముంచింది. రాతి రంధ్రాలలో చేరిన ఉప్పు ఆరినప్పుడు స్ఫటికమై రాతిని లోపలినుండి పగలగొడుతుంది. ఈ రకమైన జీర్ణతకు పైపై మెరుగు ఏ విధంగానూ మందు కాదు. పునరుద్ధరణ అంటే మెరుగు మాత్రమేననుకొనే వృత్తికి అది పెద్ద పాఠం.

4. అలకడం, అరగదీయడం

తెలుగు ఇళ్ళలో నేలను నిలుపుకొనే పద్ధతి చాలాకాలం దీనికి విరుద్ధ దిశలో నడిచింది. మట్టి నేలను పేడతో, ఎర్రమట్టితో అలికేవారు. అలకడం కొత్త పొరను చేర్చడం. అరిగినదానిపై మరొక పూత. నిన్నటి నేల ఇవాళ్టి నేలకింద భద్రంగా ఉంటుంది. పాదాలు తీసివేసినదాన్ని గృహిణి చేతులు ఏ రోజుకా రోజు తిరిగి ఇచ్చేవి. ఈ పనికి కూలి లెక్క లేదు, చరిత్రగ్రంథాలలో చోటు లేదు. కాని పునరుద్ధరణ అనే మాటకు ఇంతకన్న సార్థకమైన ఆచరణ అరుదు.

గచ్చు నేల వీటికి మధ్యస్థం. పారశీక 'గచ్' నుండి వచ్చిన ఈ మాట సున్నపు పూతను తెలుపుతుంది. డంగు సున్నంలో బెల్లం, కరక్కాయ వంటివి కలిపి పూత పూసి, తడి ఆరకముందే నున్నని రాతితో రుద్దేవారు. ఇక్కడి రుద్దుడు పొరను తీసివేయడానికి కాదు, దట్టించడానికి. పగులు వస్తే మళ్ళీ పూతే. చలువరాయి, నాపరాయి నేలలు వచ్చాక మాత్రమే నునుపు అంటే అరగదీయడం అనే అర్థం స్థిరపడింది.

తాజ్‌మహల్ చలువరాతి గోడలకు భారత పురావస్తు శాఖ 1990ల నుండి ముల్తానీ మట్టి పట్టిస్తున్నది. తడిమట్టి మందంగా పూసి, అది మురికిని పీల్చుకొని ఆరిన తరువాత కడిగివేస్తారు. రాతిని గీకకుండా శుభ్రపరచడం ఇందులోని ఉద్దేశం. ఆధునిక సంరక్షణ శాస్త్రం కూడా అవసరమైన చోట రాపిడిని విడిచి పూతను ఆశ్రయించిందన్నమాట.

5. యంత్రయుగం

యంత్రం వచ్చేముందు రాతి నేలకు మెరుగు పట్టడం మోకాళ్ళపై కూర్చొని చేసే పని. రాతిని చేత్తో రుద్ది నీళ్ళు చల్లుకుంటూ గదిని పూర్తి చేయడానికి రోజులు పట్టేవి. ఆ శ్రమే తరుగుకు సహజమైన హద్దు. మనిషి చేయి అవసరానికి మించి అరగదీయలేదు. కరెంటు యంత్రం ఆ హద్దును తొలగించింది. 1950ల మధ్యలో అమెరికాలో కృత్రిమ వజ్రం తయారు కావడంతో వజ్రపు పొడి క్రమంగా నేల పనికి కూడా అందుబాటులోకి వచ్చింది. ఒకప్పుడు కృష్ణాతీరంలో కొల్లూరు గనుల నుండి రాజుల కిరీటాలకు చేరిన జాతిరాయి ఇప్పుడు ప్లాస్టిక్ బిళ్ళకు అంటుకొని వంటింటి నేలను రుద్దుతున్నది.

నేటి పని క్రమం స్థూలంగా ఇది. ముందు పగుళ్ళు, సందులు రంగు కలిపిన జిగురుతో నింపుతారు. తరువాత ముతక బిళ్ళతో ఎత్తుపల్లాలు కలుపుతారు. ఆపై అంకెను పెంచుతూ నునుపు బిళ్ళలు మారుస్తారు. ఒక్కొక్క బిళ్ళ ముందు బిళ్ళ చేసిన గీతలను చెరిపి తనవైన సన్నని గీతలను మిగులుస్తుంది. ఆ గీతలు కంటికి ఆననంత సన్ననైనప్పుడు నేల వెలుగును చెదరగొట్టక తిప్పి పంపుతుంది. దానినే మెరుగు అంటాము. చివరకు ఆగ్జాలిక్ ఆమ్లపు పొడి, తగరపు భస్మం వంటి వాటితో తుది మెరుపు తెస్తారు. ఫ్లోరోసిలికేట్ ద్రావణంతో, ఉక్కుపీచుతో రుద్ది పైపొరను గట్టిపరిచే స్ఫటికీకరణ పద్ధతి మరొకటి. రాతి ఉపరితలపు రసాయన స్వభావాన్నే మారుస్తుంది కనుక చారిత్రక కట్టడాల విషయంలో ఇది వివాదాస్పదం.

ప్రతి నేలకూ ఈ క్రమమంతా అవసరం లేదు. నిమ్మరసం, చింతపండు పులుసు, మరుగుదొడ్డి ఆమ్లం పడి వచ్చిన మచ్చ మరక కాదు. ఆమ్లం రాతిని తిన్న గుర్తు. దానికి ఆ చోటనే సన్నని రాపిడి చాలు. నూనె మరకకు పీల్చే మట్టిపూత చాలు. మైనపు పొర మురికి పట్టిన నేలకు ఆ పొర తీయడమే చాలు. వీటిని వేరుచేసి చూసే వివేకమే వృత్తి నైపుణ్యం. ముతక బిళ్ళతో మొదలుపెట్టడం మేస్త్రీకి సులభం, యజమానికి కంటికింపు. కాని సుమారు 18 మిల్లీమీటర్ల మందం గల పలక ఎన్నిసార్లు అలా దిగగలదన్న ప్రశ్నకు జవాబు ఆ పలక మందంలోనే ఉన్నది.

హైదరాబాదులో పందొమ్మిదవ శతాబ్ది చివర వికారుల్ ఉమ్రా నిర్మించిన ఫలక్‌నుమా ప్యాలెస్ ఇటలీ చలువరాతికి పేరొందింది. సుమారు దశాబ్దకాలం సాగిన పునరుద్ధరణ అనంతరం అది 2010లో హోటలుగా తెరుచుకున్నది. రాజప్రాసాదం హోటలైనప్పుడు నేలపై నడక పెరుగుతుంది, మెరుపుపై ఆశ కూడా పెరుగుతుంది. వాడుకలో ఉన్న ప్రతి చారిత్రక కట్టడానికీ ఈ రెండింటి నడుమ సమతౌల్యం నిత్యసమస్యే.

ముగింపు

పై పరిశీలన వల్ల తేలే అంశాలివి. చలువరాతి నేల పునరుద్ధరణలో మెరుగు ఎప్పుడూ తరుగు నుండే పుడుతుంది. చల్లదనానికి విలువ ఇచ్చిన పేరు గల రాతిని మెరుపు కోసమే అరగదీసే స్థితికి చేర్చినది యంత్రం ఒక్కటే కాదు, మెరుగును మేలుగా భావించే అభిరుచి కూడా. ఆ పనికి మూలసాధనమైన కురువిందం దక్షిణ భారతపు పనివారి మాటగా ప్రపంచ విజ్ఞానంలోకి వెళ్ళి, కార్బొరండంగా తిరిగి వచ్చింది. పూతతో నేలను నిలిపిన దేశీయ పరంపర నేటి సంరక్షణ ఆలోచనకు దూరమైనది కాదు.

సాహిత్య పరిశోధనకు ఈ విషయం పరాయిది కాదు. తాళపత్రాన్ని పరిష్కరించే పండితుడు తనకు తోచిన పాఠాన్ని పైన ఉంచి, తోసిపుచ్చిన పాఠాంతరాలను అడుగున నమోదు చేస్తాడు. అలా చేయని పరిష్కరణ ఎంత నున్నగా ఉన్నా తరువాతి పరిశోధకుడికి దారి మూసివేస్తుంది. నేల విషయంలోనూ ఇదే న్యాయం. తరతరాల భక్తుల పాదాలు గుడి మెట్టు నడుమ చేసిన గుంట ఒక పాఠం. దాన్ని చదును చేయవలసి వస్తే చేయవచ్చు, కాని ముందు కొలిచి, చిత్రం తీసి, ఎందుకు తీశారో రాసిపెట్టాలి. కంసాలి చీటీలో ఉన్న తరుగు పద్దు జీర్ణోద్ధరణ నివేదికలలో కూడా చేరినప్పుడే మెరుగు అనే మాటకు మేలు అనే అర్థం సార్థకమవుతుంది.